బీల దాటిన వరాలమ్మ

రండి, దగ్గరికి జరగండి. వెనక గోడకి ఆనుకున్న తల్లీ, నువ్వూ ముందుకి రా. ఈ కథ దూరంగా కూర్చుంటే సగమే వినపడుతుంది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. నాయనా, ఆ చిడతలు కాసేపు పక్కన పెట్టు. పెద్ద పురాణమేమీ కాదు, ఒక్క పగటిపూట జరిగిన సంగతి. ఇందులో ఒక తల్లి ఉంది, ఇద్దరు కొడుకులున్నారు, ఎక్కడి నుంచో వచ్చిన పక్షులున్నాయి. అన్నిటినీ కలుపుతూ హరినామం ఉంది. ఆ నామం మీదే భారం వేసి చెబుతున్నాను, వినండి.

ఉద్దానం వైపు, కొబ్బరి తోటలూ జీడి తోటలూ పెనవేసుకున్న ఇసుక నేలలో, కూర్మదాసుగారని ఒక భజన గురువుండేవారు. ఆయనకొక అలవాటు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కాదు. కండువా దులిపి భుజాన వేసుకుని, "పద, అలా నడిచొద్దాం" అనేవారు. కొందరి ప్రశ్నలు వీధి మలుపు దగ్గరే తేలిపోయేవి. కొందరివి తోటలు దాటి వచ్చేవి. ఇంటికి తిరిగొచ్చాక చాలామంది తాము అడిగిందేమిటో కూడా మరిచిపోయి, హాయిగా అన్నం తినేవాళ్ళు.

ఆయన శిష్యుల్లో తవిటయ్య అనేవాడు మంచి గాత్రం ఉన్నవాడు. వాడి తల్లి వరాలమ్మకి ముందు పుట్టిన పిల్లలు నిలవలేదు. అందుకని వీడు పుట్టగానే పొరుగింటావిడ చేతిలో పెట్టేసి, దోసెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. అలా కొనుక్కున్న బిడ్డ కాబట్టి తవిటయ్య అయ్యాడు. తర్వాత పుట్టినవాడు దాలయ్య. పెద్దవాడు ఊళ్ళోనే ఉండి కొబ్బరి తోట చూసుకున్నాడు. చిన్నవాడు పారాదీపు రేవులో పనికి పోయాడు.

వరాలమ్మ మంచాన పడ్డాక తవిటయ్యే ఆమెకి తల్లి అయ్యాడు. చోడి అంబలి చెంచాతో పట్టాడు. వీపు పుండు పడకుండా అటూ ఇటూ తిప్పాడు. పక్క బట్టలు తానే ఉతికాడు. సాయంత్రం పూట చెవి దగ్గర కూర్చుని నామం పాడితే, ఆ తల్లి పెదవులు కదిలేవి. చివరిరోజున కొడుకు చెయ్యి పట్టుకుని ఒక్క కోరిక కోరింది. "ఒరే నాయనా, నన్ను సముద్రంలో కలపడానికి ఇంటిదగ్గర బయల్దేరిన కాణ్ణుంచి నీళ్ళలో కలిపిందాకా నామం తెగకూడదు. ఏటి?" అంది. "తెగదమ్మా" అన్నాడు తవిటయ్య. ఆ మాట విన్నాకే ఆమె కళ్ళు మూసింది.

దాలయ్య వచ్చేసరికి దహనం అయిపోయింది. గుమ్మంలో సంచి దించి, "సెలవు ఇవ్వనేదన్నియ్యా" అన్నాడు. తవిటయ్య తల ఎత్తకుండానే, "అమ్మ కూడా నీకోసం ఆగనేదురా" అన్నాడు. తర్వాత కర్మ ముగిసేదాకా అన్నదమ్ముల మధ్య అవసరానికి మించి ఒక్క మాట లేదు.

కర్మ అయ్యాక, రేపు అస్థికలు తీసుకుని సముద్రానికి నడవాలనగా, తవిటయ్య గురువుగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కడుపులో ఇన్నాళ్ళు రగిలింది బయటికి వచ్చింది. "గురువుగారూ, ఒకడు తల్లికి రాత్రీ పగలూ చాకిరీ చేశాడు. ఇంకొకడు అన్నీ అయిపోయాక బండి దిగి వచ్చాడు. రేపు దేవుడి దగ్గర ఇద్దరికీ ఒకటే లెక్కా? ఆ తల్లి మీద ఇద్దరికీ ఒకటే హక్కా?"

కూర్మదాసుగారు ఆరోజు కండువా దులపలేదు. "రేపు ఎలాగూ నడుస్తున్నాం కదా" అన్నారు. అంతే.

తెల్లవారగానే బయల్దేరారు. శివరాత్రి వెళ్ళిన రోజులు. తవిటయ్య పెరటి పనస కొమ్మకి వేలాడదీసిన కొత్త కుండని దించి, గుండెలకి ఆనించుకున్నాడు. దాని మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. అస్థికల కుండ నీళ్ళు చేరేదాకా నేల తాకకూడదు. ముందు గురువుగారు, ఆయన వెనక కుండతో తవిటయ్య, పక్కనే చిన్ననాటి స్నేహితుడు గవరయ్య, మద్దెల మెడలో వేసుకుని బైరాగి, అందరికన్నా వెనక అటుకుల మూట పట్టుకుని దాలయ్య. అయిదుగురూ ఇల్లు కదలగానే నామం ఎత్తుకున్నారు.

రాత్రీ పగలూ ఆపకుండా నామం నడిపే ఏకాహాలు చేసిన ఊళ్ళవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. చేయనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకరి నోట్లో పాదం ముగియకముందే రెండోవారు అందుకోవాలి. మధ్యలో ఒక్క ఊపిరికి మించి సందు వచ్చినా నామం తెగినట్టే. మనసులో అనుకుంటే చెల్లదు. పక్కవాడు విననిది పక్కవాడు అందుకోలేడు కదా! అందుకని నామం నోటి నుంచి చెవికి, చెవి నుంచి మళ్ళీ నోటికి నడుస్తూనే ఉండాలి.

అలా నడిచారు. మొగలి కంచెల మధ్య ఇసుక దారి. జీడి పూత వాసన ముక్కులకి ఘాటుగా కొడుతోంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గురువుగారి గొంతు అలసిపోయింది. పెద్దాయన కదా. బైరాగి గొంతు ముందే బొంగురు, అది కూడా పూడుకుపోయింది. దాలయ్య మొదట రెండు పాదాలు కలిపాడు గానీ, ఎన్నో ఏళ్ళుగా భజనకి దూరమైన నోరు, తాళం తప్పింది. తవిటయ్య వెనక్కి తిరిగి చూసిన చూపుకి మళ్ళీ నోరు విప్పలేదు. ఇక నామం రెండే గొంతుల మీద నిలబడింది. ఒకటి తవిటయ్యది, రెండోది గవరయ్యది.

ఒక తోటలో ఆగి అటుకులు తిన్నారు. గవరయ్య పాడుతుంటే తవిటయ్య తిన్నాడు, తవిటయ్య పాడుతుంటే గవరయ్య తిన్నాడు. కుండని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేత్తో అటుకులు నోట్లో వేసుకుంటున్న అన్నని చూసి దాలయ్య దగ్గరికి వచ్చాడు.

"అన్నియ్యా, నువ్వు తిన్నంతసేపూ నాను పట్టుకుంటాను."

"ఒద్దులే. నీ చేతులు ఇనప గొలుసులకి అలవాటు పడిపోనాయి. ఇది మట్టి."

బైరాగి మాట మార్చబోయాడు. "ఒరే తవిటీ, మద్దెల కన్నా కుండే తేలిక. కావాలంటే మారుద్దామా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. దాలయ్య మూట కట్టేసి, మళ్ళీ అందరికన్నా వెనక్కి వెళ్ళాడు. గురువుగారు ఇదంతా చూస్తూ కండువాతో చెమట తుడుచుకున్నారు.

పొద్దు వాలుతుండగా దూరం నుంచి ఒక చప్పుడు వినపడింది. చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నట్టు, మధ్యలో ఎవరో గొంతెత్తి గదమాయిస్తున్నట్టు. "అక్కడేదో పంచాయితీ జరుగుతున్నట్టుంది. మనం పోతే తీర్పు చెప్పమంటారేటో" అన్నాడు బైరాగి. తోట దాటి ఇసుక దిబ్బ ఎక్కేసరికి పంచాయితీ కనపడింది.

ముందు మొగలిపుట్టుగ అనే చిన్న ఊరు. దాని అవతల విశాలమైన చిత్తడి నేల. ఆ వైపువాళ్ళు దాన్ని బీల అంటారు. మోకాటి లోతు నీళ్ళు, లేత గడ్డి, మధ్యలోంచి ఒకే ఒక మట్టిగట్టు. ఆ గట్టు చివర ఇసుక మెరక, దానికి అవతల సముద్రం. ఆ బీల నిండా అడవి బాతులు. విన్న చప్పుడు వాటిదే. బూడిద రంగు ఒళ్ళు, తెల్లని తల, తల వెనక మసితో గీసినట్టు రెండు నల్లచారలు. కొన్ని గడ్డి కొరుకుతున్నాయి, కొన్ని మెడ చాచి కాపలా కాస్తున్నాయి, కొన్ని రెక్కలో ముక్కు దాచుకుని నిద్రపోతున్నాయి. గట్టుకి ఇటూ అటూ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నాయి. తవిటయ్య పాడుతూ పాడుతూనే ఒక్క క్షణం ఒళ్ళు మరిచాడు. భగవంతుడు తన కొలువుని అక్కడ దించుకున్నాడా అనిపించింది.

అయితే ఊరి మొదట్లోనే ఒక ముసలామె ఆవుని తోలుకొస్తూ అడ్డం నిలబడింది. పేరు పున్నమ్మ. చేతికర్ర అడ్డంగా చాచి, నోటిమీద వేలు పెట్టింది. అప్పుడు బైరాగి గమనించాడు. ఆ ఆవు మెడలో గంట ఉంది. గంట మోగకుండా అందులో గడ్డి కుక్కి ఉంది.

"పాట ఆపండి, బాబూ" అంది పున్నమ్మ, గొంతు తగ్గించి.

గవరయ్య నామం ఆపలేదు, గొంతు మాత్రం దించాడు. తవిటయ్య ముందుకి వచ్చాడు. "ఆపకూడదమ్మా. మా అమ్మ అస్థికలు. సముద్రంలో కలిపిందాకా నామం తెగకూడదని మాట తీసుకుంది."

"మాట తీసుకుంటే తీసుకుందిలే గానీ, ఆ బాతుల్ని సూడు. ఎల్లిపోయే రోజులివి. కడుపు నింపుకుని, ఒంట్లో బలం పట్టించుకుని, ఎక్కడో ఉత్తరాన మంచు కొండలు దాటి పోవాల. ఇప్పుడు బెదిరి లేచినాయంటే ఆ బలం కాస్తా ఇక్కడే అయిపోద్ది. మా అత్త కాలంలో ఎవులో పెళ్ళి మేళం తెచ్చినారంట. అన్నీ గోలగా లేచిపోనాయి. ఆనక ఒడ్డునిండా పడిపోయి దొరికినాయంట. ఆ కాణ్ణుంచీ ఇవి పోయిందాకా మా ఊళ్ళో మేళం నేదు, తప్పెట నేదు. శవం లేచినా సడి సెయ్యకుండా తీసికెల్తాం. మొన్న మా ఆయన్ని కూడా అలాగే తీసికెల్లినారు."

"దేవుడి నామం పిట్టల చెవిన పడితే పుణ్యమే కదమ్మా" అన్నాడు బైరాగి.

"నీ గొంతు ఇని లేచిపోకపోతే నన్నడుగు" అంది పున్నమ్మ.

చుట్టూ తిరిగి పోయే దారి లేకపోలేదు. కానీ దానికి వంతెన దాకా వెళ్ళాలి. అది పట్టుకుంటే సముద్రం చేరేసరికి పొద్దు గుంకిపోతుంది. పొద్దు గుంకాక అస్థికలు కలపరు. రేపటిదాకా ఆగుదామంటే, పగలంతా పాడిన రెండు గొంతులు రాత్రంతా నిలబడవు. అందరికీ తెలుసు ఆ సంగతి.

"మనసులో అనుకుంటూ గట్టు దాటేద్దారా. అవతల మళ్ళీ ఎత్తుకుందాం" అన్నాడు బైరాగి, మెల్లగా.

"అమ్మ మనసులో అనుకోమన్నేదు. తెగకూడదంది." అన్నాడు తవిటయ్య. "మంచం మీద అన్ని నెలలుండి నన్ను ఇంకేటీ అడగనేదురా. నీళ్ళు కూడా అడగనేదు. అడిగింది ఇదొక్కటే."

గవరయ్య పాదం ముగియవస్తోంది. కళ్ళతో సైగ చేశాడు. తవిటయ్య అందుకున్నాడు. అందుకుని పాడుతూ బీల వైపు చూశాడు. దగ్గరలో ఒక బాతు మెడ నిక్కించి ఇటే చూస్తోంది. దాని పక్కన ఇంకొకటి. ఆ వెనక ఇంకొన్ని. తలలన్నీ ఇటు తిరుగుతున్నాయి. తాను పాడుతూ ఇంకో పది అడుగులు ముందుకి వేస్తే చాలు, అవన్నీ లేచిపోతాయని అతనికి అర్థమైంది.

గురువుగారి వైపు తిరిగాడు. ఆయన ఏదైనా అంటారేమో! ఆయన మొగలి నీడన నిలబడి పక్షుల్ని చూస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆ మౌనాన్ని ప్రేమించిన తవిటయ్యకి ఆ క్షణంలో దానిమీద కోపం వచ్చింది.

పాడుతూనే ఆలోచించాడు. అమ్మ నామం తెగకూడదంది. నామం పాడేవాడు కుండ మోయాలని ఎక్కడా అనలేదు. ఇద్దరు ఇక్కడే, తోటలోకి వెనక్కి వెళ్ళి, పక్షులకి వినపడనంత దూరంలో కూర్చుని పాడవచ్చు. మిగతావాళ్ళు కుండతో గట్టు మీద సడి లేకుండా దాటిపోవచ్చు. పాడే ఇద్దరు ఎవరు? గొంతులున్నది ఇద్దరికే. అందులో ఒకడు తాను.

ఆ ఆలోచన వచ్చాక కుండని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అమ్మా అని అరిచి ఆ కుండని నీళ్ళలో వదలడం కోసమే కదా తెల్లవారినప్పటి నుంచి నడిచింది! తన చేతులు తిప్పిన ఒళ్ళు, తన చేతులు కడిగిన ఒళ్ళు. చివరికి వదలాల్సిందీ తన చేతులే.

నామం గవరయ్యకి అందించి, సంగతి అందరికీ చెప్పాడు. బైరాగి తల ఊపాడు. "మంచి ఆలోచనే. అయితే కుండ గురువుగారికియ్యి. ఆయన చేతిమీద కలవడం అమ్మ అదృష్టం." వినగానే తవిటయ్యకి ప్రాణం లేచొచ్చినట్టయింది. అవును, గురువుగారి చేతుల్లో పెడితే ఏ బాధా ఉండదు. దాలయ్య ముట్టుకోనక్కర్లేదు. గబగబా ఆయన ముందుకి వెళ్ళి కుండ చాచాడు.

కూర్మదాసుగారు తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

గవరయ్య నామం ఒక్కటే సన్నగా నడుస్తోంది. తవిటయ్య అలా చాచిన చేతులతో ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. తర్వాత వెనక్కి తిరిగాడు. అందరికన్నా వెనక, అటుకుల మూటతో, తల వంచుకుని తమ్ముడున్నాడు. తవిటయ్య అడుగులో అడుగు వేసుకుంటూ అతని ముందుకి వెళ్ళాడు.

"మూట కింద పెట్టు" అన్నాడు.

దాలయ్య పెట్టాడు. రెండు చేతులూ పంచెకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకుంది చాలక మళ్ళీ తుడుచుకున్నాడు.

"మూతి దగ్గర పట్టుకోకు. అడుగున పట్టు. నేల తాకనీకు."

"అలాగే అన్నియ్యా." కుండ చేతుల్లోకి వచ్చాక దాలయ్య దాన్ని చూడలేకపోయాడు. పక్కకి మొహం తిప్పుకుని అడిగాడు. "అక్కడ ఏటనాల? నాకు మంత్రం ముక్క రాదు."

అన్నకి ఆ ప్రశ్న ఎక్కడో తగిలింది. తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనెత్తుకుని తిరిగినప్పటి గొంతు ఆ నోట్లోంచి వచ్చింది. "అమ్మా అను. సాలు."

అంతే, వెనుదిరిగి తోటలోకి నడిచాడు. గవరయ్య పాడుతూ అతని వెంట వచ్చాడు. ఇసుక దిబ్బ మీద, జీడి చెట్ల మధ్య ఇద్దరూ కూర్చున్నారు. అక్కడి నుంచి గట్టు కనపడుతుంది గానీ, పాట గట్టుదాకా పోదు. బైరాగి మద్దెల విప్పి వాళ్ళ పక్కన పెట్టి, చెప్పులు కూడా అక్కడే విడిచి వెళ్ళాడు.

తవిటయ్య పాడుతూ చూస్తున్నాడు. ముందు గురువుగారు, మధ్యలో కుండతో దాలయ్య, వెనక బైరాగి. ముగ్గురూ గట్టు మీద చాలా నెమ్మదిగా నడుస్తున్నారు. బాతులు తలలెత్తాయి. తవిటయ్య ఊపిరి ఆగినంత పనైంది గానీ నామం ఆగనివ్వలేదు. ముగ్గురూ నిలబడిపోయారు. దాలయ్య కుండని పసిబిడ్డలా భుజానికి ఆనించుకుని కదలకుండా నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక తల వంగి గడ్డిలోకి పోయింది, తర్వాత ఇంకొకటి. వాళ్ళు మళ్ళీ కదిలారు. మనుషులు నడుస్తుంటే రెండు పక్కలా పక్షులు మేస్తూనే ఉన్నాయి. ఆ మధ్యలోంచి, మేళం లేకుండా, తాళం లేకుండా, వరాలమ్మ వెళ్ళిపోయింది. ఇసుక మెరక ఎక్కి, అవతలికి దిగి, ముగ్గురూ కనపడకుండా పోయారు.

ఆ తర్వాత తవిటయ్యకి ఏమీ తెలియదు. నీళ్ళ దాకా చేరారో లేదో, కుండ జాగ్రత్తగా పట్టుకున్నాడో లేదో. పాడటం ఒక్కటే చేతిలో ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. పాదం ఎత్తుకోవడం, అందించడం, మళ్ళీ అందుకోవడం. గవరయ్య మెడ నరాలు ఉబ్బిపోయాయి. ఒకసారి తవిటయ్య పాదం ముగియవస్తుంటే గవరయ్య నోరు తెరిచాడు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తవిటయ్యకి మళ్ళీ ఎత్తుకునే ఊపిరి మిగల్లేదు. చివరి అక్షరాన్ని లాగుతున్నాడు, లాగుతున్నాడు, ఇక తెగిపోతుందనగా పక్కనుంచి ఎవరో అందుకున్నారు.

పున్నమ్మ! బెల్లం నీళ్ళ చెంబుతో వచ్చింది. నాట్లు వేసేటప్పుడు పాడుకునే వరసలో, తాళంతో పని లేకుండా, హరినామం సాగదీసి పాడుతోంది. పాడుతూనే చెంబు గవరయ్య చేతికిచ్చి, తాగమని కళ్ళతో గదమాయించింది. మొన్ననే మగడు పోయిన మనిషి. అతని వెనక పాడలేని పాటంతా అక్కడ పాడిందో ఏమో, తవిటయ్య అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, మరో పాదం పాడాక గానీ ఇవ్వలేదు.

పొద్దు గుంకింది. బీల మీద వెలుతురు పలచబడింది. అప్పుడు మెరక మీద మనుషులు కనపడ్డారు. మళ్ళీ అలాగే మెల్లగా గట్టు దాటి వచ్చారు. దాలయ్య గుండెలదాకా తడిసి ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. అయినా తవిటయ్య నామం ఆపలేదు. వాళ్ళు దిబ్బ ఎక్కి ఎదురుగా వచ్చి నిలబడ్డాక, పాదం పూర్తిచేసి, గురువుగారి పాదాలు ముట్టి, అప్పుడు ఆపాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. దూరంగా బాతుల సద్దు మాత్రం వినపడింది.

"అమ్మ కలిసిందా గురువుగారూ?"

"కలిసింది నాయనా."

"నామం తెగనేదు" అన్నాడు తవిటయ్య. ఎవరికి చెప్పాడో తెలియదు. తల వంచుకునే, "ఆడు సరిగ్గా వదిలాడా?" అని అడిగాడు.

బైరాగి ఇక పట్టలేకపోయాడు. "ఏటి సెప్పమంటావురా! కెరటం నడుముకి కొడతంది. గురువుగారు వదలమన్నారు. ఈడు కుండని గుండెకి ఆనించుకుని, 'అమ్మా, అన్నియ్య తెచ్చినాడే. నిన్ను అన్నియ్య తెచ్చినాడు' అన్నాడు. అని అప్పుడు వదిలినాడు."

తవిటయ్య తమ్ముడి మొహంలోకి చూశాడు. తల్లి పోయినప్పటి నుంచి అలా చూడడం అదే మొదలు. దాలయ్య తడి పంచె పిండుకుంటూ, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. తవిటయ్య తన పొడి కండువా తీసి అతని భుజాల చుట్టూ కప్పాడు. కప్పిన చేతులు కాసేపు అక్కడే ఉండిపోయాయి.

కూర్మదాసుగారు అప్పటికే ఇంటిదారి పట్టారు. నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నారు:

"నిన్న లెక్క అడిగావు కదా. ఎవరు తెచ్చారని సముద్రం అడగలేదురా తవిటయ్యా. నీ తమ్ముడే చెప్పాడు."

అమ్మలారా, అయ్యలారా, ఈ కథలో పేర్లు మీకు గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇది నా చేతిమీదే జరగాలి అని గుండెకి హత్తుకున్నదాన్ని, ఇవ్వడానికి మనసొప్పని చేతిలో, అడుగున ఎలా పట్టుకోవాలో చెప్పి మరీ పెట్టాడు తవిటయ్య. ఆ పని మీ ఇంట్లో ఒకసారి మీరూ చేయండి. చేసినట్టు ఎవరికీ చెప్పకండి.